లూపస్ వ్యాధిగ్రస్తులు – అంటురోగముల యపాయము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహములలోని దుర్వ్యయమును గూర్చియు పెద్దలు పలికిన హితవాక్యములను మీరందరును వింటిరి. వాని నడుమ ఒక రోగమును గూర్చి ప్రసంగింపవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినప్పుడు, బంధుమిత్రులు కూడిన పండుగవంటి సభలో రోగముల మాట యేల యని మేము మొదట సంకోచించితిమి. కాని మన కులములోనే యొక యింట జరిగిన సంగతి జ్ఞప్తికి వచ్చి ఆ సంకోచమును విడిచితిమి. ఆ యింటివారి యనుమతితో, పేరును ఊరును చెప్పక, ఆ సంగతిని ముందుగా మనవి చేసెదము.

ఆమె 24 ఏండ్ల యువతి. ఉపాధ్యాయశిక్షణ పూర్తిచేసినది. వివాహమై రెండేండ్లయినది. లూపస్ అను వ్యాధి ఆమె మూత్రపిండములను పట్టగా, వైద్యులు ప్రెడ్నిసొలోను, మైకోఫెనోలేటు అను మాత్రలను వ్రాసియిచ్చిరి. ఆరు నెలలలో కాళ్లవాపు తగ్గినది. ముఖమున కళ వచ్చినది. ఇంటిపనులు తానే చేసికొనుచుండెను. ఒకనాటి సాయంకాలము చలితో జ్వరము తగిలినది. టైఫాయిడు కాబోలునని ఇంటివారు తలచిరి. దగ్గరనున్న యొక వైద్యుడు సూది వేయగా జ్వరము దిగెను. ఆ సూదిమందులో స్టెరాయిడు కూడ నుండెనని తరువాత తెలిసినది. మూడవనాడు జ్వరము మరల వచ్చెను. అంతట బంధువులలో నొకరు, "ఇన్ని మాత్రలు మ్రింగుటచేతనే ఒంటికి వేడిచేసినది. అన్నియు ఆపివేయుమమ్మా" అని హితవు చెప్పిరి. ఆమె ఆపివేసెను. అయిదవనాటికి ఆయాసము హెచ్చి, రక్తపుపోటు పడిపోయి, మాట తడబడుచుండగా ఆమెను పట్టణములోని యాసుపత్రికి చేర్చిరి. అప్పటికే న్యుమోనియా రెండు ఊపిరితిత్తులలోను వ్యాపించియుండెను. 19 దినములు ఆసుపత్రిలో నుండి ఆమె బ్రతికి బయటపడినది. కాని మామగారి రెండెకరముల పొలము తాకట్టు పడినది. ఆమె మూత్రపిండములు మునుపటివలె లేవు.

ఆ యింటిలో నెవ్వరును ఆమెకు కీడు తలచినవారు కారు. అత్తగారు రాత్రులు మేలుకొని తడిగుడ్డ వేసినది. మాత్రలు మానుమన్న బంధువు ప్రేమతోనే చెప్పెను. తెలియమిచేత అయిదు దినములు పోయినవి. ఆ అయిదు దినములలోనే అపాయమంతయు పెరిగినది. అట్టి యయిదు దినములు మన యిండ్లలో మరల పోకుండుటకై మాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పుటయే మా యుద్దేశము.

వ్యాధి స్వరూపము

లూపస్ అనునది లాటిను భాషలో తోడేలు అను నర్థము గల పదము. పూర్వము ఐరోపా వైద్యులు ముఖముమీది పుండ్లను తోడేలు కొరికిన గాయములతో పోల్చి ఈ పేరు పెట్టిరి. తరువాత ఈ వ్యాధి చర్మముతో ఆగునది కాదనియు, కీళ్లను, మూత్రపిండములను, రక్తమును, గుండెపొరను, మెదడును గూడ పట్టగలదనియు తెలిసినది.

మన దేహమునందు అంటుక్రిములను ఎదిరించుటకు ఒక రక్షణశక్తి కలదు. ఈ వ్యాధిలో ఆ శక్తి తన పర భేదమును మరచి తన దేహమునే శత్రువని తలచి దెబ్బతీయును. కంచెయే చేను మేసినట్లను సామెత మనకు కలదు గదా. లూపసును వర్ణించుటకు ఇంతకంటె మంచి మాట మాకు దొరకలేదు.

ఈ వ్యాధిగ్రస్తులలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. అందును 15 మొదలు 45 ఏండ్ల వయస్సువారే యెక్కువ; అనగా చదువుకొను పిల్లలు, కొత్త కోడండ్రు, పసిబిడ్డల తల్లులు. ఇది ఒకరినుండి యొకరికి అంటునది కాదు. ఒక కంచమున తినినను, ఒక పక్కమీద పరుండినను రాదు. శాపము కాదు, పాపఫలము కాదు.

1948లో అమెరికాలోని మేయో వైద్యాలయమునందు హార్‌గ్రేవ్సు అను వైద్యుడును ఆయన సహచరులును ఈ రోగుల రక్తకణములలో ఒక విశేషలక్షణమును కనిపెట్టుటచే వ్యాధిని గుర్తించుట సులభమైనది. మరుసటి సంవత్సరము అదే వైద్యాలయమున హెంచి అను వైద్యుడు కార్టిసోను అను స్టెరాయిడు కీళ్లవాతమునందు పనిచేయుటను లోకమునకు తెలిపెను; 1950లో ఆయనకు మరియిద్దరితో కలిపి నోబెలు బహుమాన మొసంగిరి. ఆ కాలమున లూపస్ సోకినదని తేలిన తరువాత అయిదేండ్లు బ్రతుకువారు సగమైనను ఉండకపోయిరి. ఇప్పుడు మంచి వైద్యము దొరకిన చోట్ల నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. ఈ మేలు మందులవలననే కలిగినది. మందులకు భయపడుమని చెప్పుటకు మేము రాలేదని మీరు మొదటనే గ్రహింపవలయును.

మందుల మేలును, వాని వెంట వచ్చు భయమును

కంచె చేనును మేయుచున్నప్పుడు రైతు ఏమి చేయును? కంచెను నరికి పలుచన చేయును. అప్పుడు చేను బ్రతుకును గాని, సందు చూచి ఊరి పశువులు లోపల పడును. లూపసునకు వాడు మందులు చేయు పని యిదియే. ప్రెడ్నిసొలోను, అజతయోప్రిను, మైకోఫెనోలేటు, మెథోట్రెక్సేటు, సైక్లోఫాస్ఫమైడు, రిటుక్సిమాబు మొదలగునవి రక్షణశక్తిని అణచి అవయవములను కాపాడును. అణగిన శక్తి అంటుక్రిములను గూడ చక్కగా నెదిరింపలేదు. కెనడా దేశమున టొరాంటో నగర వైద్యులు 1976లోనే ఈ సంగతిని స్పష్టపరచిరి: లూపస్ రోగులలో వ్యాధి మొదలైన తొలి సంవత్సరములలో వచ్చు మరణములకు వ్యాధితీవ్రతయు అంటురోగములును కారణములనియు, అనేక సంవత్సరముల తరువాత వచ్చు మరణములకు గుండె రక్తనాళముల వ్యాధి కారణమనియు వారు చూపిరి. నేటికిని లూపస్ రోగుల మరణకారణములలో అంటురోగములు ముందువరుసలోనే యున్నవి.

ఈ మందులలో నొకదానితో మన తెలుగువారికి సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిన కాలమున మెథోట్రెక్సేటు తయారైనది. రక్తపు క్యాన్సరునకై పుట్టిన ఆ మందు నేడు కీళ్లవాతములోను, లూపసునందలి కీళ్లనొప్పులకు, చర్మవికారములకు గూడ వాడుకలో నున్నది. ఆ పరిశోధనశాలనుండియే 1948లో ఆరియోమైసిను అను క్రిమిసంహారక ఔషధమును వెలువడెను. సుబ్బారావుగారు స్వర్గస్థులైనదియు ఆ సంవత్సరముననే. రక్షణశక్తిని అణచు మందును, అణగినప్పుడు వచ్చు క్రిములను చంపు మందును ఒక్క యింటనే పుట్టినవనుట మనకు గర్వకారణమే గాక పాఠము గూడ. ఈ రెండును చేతికి చేయి కలిపి నడువవలసినవి.

మెథోట్రెక్సేటును గూర్చి యొక హెచ్చరిక. దానిని వారమున కొక్కనాడు మాత్రమే పుచ్చుకొనవలయును. దినదినమును మ్రింగినచో ఎముకమూలుగ చెడి, తెల్లకణములు పడిపోయి ప్రాణాపాయము కలుగును. చీటీమీద వారమును, దినమును పెద్దయక్షరములతో వ్రాయించుకొనుడు.

అంటురోగభయము అందరికి సమానము కాదు. స్టెరాయిడు మోతాదు హెచ్చినకొలది భయమును హెచ్చును. సైక్లోఫాస్ఫమైడు పుచ్చుకొనువారికిని, తెల్లకణములు తగ్గినవారికిని, మూత్రపిండములద్వారా మాంసకృత్తులు పోవువారికిని, స్టెరాయిడువలన మధుమేహము వచ్చినవారికిని జాగ్రత్త మరింత కావలయును.

జ్వరము వచ్చినప్పుడు

లూపస్ రోగికి జ్వరము వచ్చినచో అది వ్యాధి విజృంభించుటవలన వచ్చినదా, అంటురోగమువలన వచ్చినదా యని అనుభవజ్ఞులైన వైద్యులే ఆలోచనలో పడుదురు. మొదటిదానికి రక్షణశక్తిని ఇంకను అణచవలయును. రెండవదానికి అణచుట తగ్గించి క్రిములను చంపవలయును. ఒకదానిని మరియొకటిగా పొరబడినచో వైద్యమే విషమగును. ఒక్కొక్కప్పుడు రెండును కలిసియుండును.

వైద్యులు కొన్ని గుర్తులను చూతురు. సి.ఆర్.పి. అను రక్తపరీక్ష అంటురోగములో బాగుగా హెచ్చును. వ్యాధివిజృంభణములో, గుండెపొర ఊపిరితిత్తులపొర వాచినప్పుడు తప్ప, అంతగా హెచ్చదు. కాంప్లిమెంటు అను రక్తాంశములు తగ్గి, డి.ఎన్.ఏ. విరోధక ప్రతిరక్షకములు హెచ్చినచో విజృంభణము తలపునకు వచ్చును. రక్తమును, మూత్రమును, కఫమును క్రిములకై సాగుచేసి చూతురు, ఛాతీఫొటో తీయుదురు. వీనిలో నేదియు ఒంటరిగా నిర్ణయము చేయజాలదు. ఎటూ తేలని యెడల, ప్రమాదము పొంచియున్నప్పుడు, అంటురోగమే యని భావించి ముందు దానికి మందు మొదలుపెట్టుట వైద్యుల మర్యాద.

ఇంతటి చిక్కును ఇంటిలో విప్పుట సాధ్యమా? సాధ్యము కాదు. అందుచేత ఈ మందులు వాడువారికి 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో ఆనాడే వైద్యునికి చూపవలయును. రేపు చూతమనరాదు. స్టెరాయిడు జ్వరమును మరుగుపరచును గనుక జ్వరము లేకపోయినను క్రొత్తగా ఆయాసము, వణకు, మగత, మెడ పట్టుటతో కూడిన తలనొప్పి, మూత్రము తగ్గుట, చేతులు చల్లబడుట కనబడినచో రాత్రియైనను బయలుదేరవలయును. దారిలో ఎవ్వరిచేతను పేరు తెలియని సూది వేయించుకొనరాదు. ఐబుప్రొఫెను, డైక్లోఫెనాకు వంటి నొప్పిమాత్రలు జ్వరమును కప్పిపెట్టుటయే గాక మూత్రపిండములకు హాని చేయును. ఒక్క వైడాలు పరీక్షను నమ్మి ప్రతి జ్వరమును టైఫాయిడని తలచుటయు మన ప్రాంతమున పాతుకొనిన పొరబాటు.

చేయరాని రెండు పనులు

మొదటిది, స్టెరాయిడును ఉన్నపళముగ ఆపుట. మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. అవి దినదినమును స్వాభావికమైన స్టెరాయిడును తయారుచేసి, జ్వరము, గాయము మొదలగు కష్టకాలములలో ఎక్కువగా విడుదల చేసి రక్తపుపోటును నిలుపును. వారములతరబడి మాత్రలు మ్రింగినవారికి, బయటినుండి వచ్చుచున్నది గదా యని ఆ గ్రంథులు నిద్రపోవును. అట్టిసమయమున మాత్రలు మానివేసినచో లోపలిదియు లేక, బయటిదియు లేక మనుష్యుడు కుప్పకూలును. మేము మొదట చెప్పిన యువతికి రక్తపుపోటు పడిపోవుటకు న్యుమోనియా యొక కారణము. మాత్రలు మానుట మరియొక కారణము.

రెండవది, వ్యాధి తిరుగబెట్టినదని తామే తలచి స్టెరాయిడును పెంచుకొనుట. రెండు దినములు సుఖముగా నుండును. లోపల క్రిములు పెరుగుచుండును. 2021లో కోవిడు రెండవ విజృంభణకాలమున మన దేశమంతట నల్లబూజు వ్యాధి 40 వేలకు పైగా జనులకు వచ్చిన సంగతి మీరింకను మరువలేదు. అదుపు తప్పిన మధుమేహమును, మితిమీరిన స్టెరాయిడు వాడకమును అందుకు ముఖ్యకారణములని వైద్యులు కనుగొనిరి. ప్రాణము పోసిన మందే కొలత తప్పినప్పుడు ఎట్లుండునో ఆనాడు ఎన్నో కుటుంబములు చూచినవి.

మరి ఆసుపత్రిలో ఏమి చేయుదురు? తీవ్రమైన అంటురోగమునందు మైకోఫెనోలేటు, అజతయోప్రిను, మెథోట్రెక్సేటు, సైక్లోఫాస్ఫమైడు వంటివానిని వైద్యులు తాత్కాలికముగా నిలుపుదురు. హైడ్రాక్సీక్లోరోక్విను సాధారణముగా కొనసాగింతురు. స్టెరాయిడును మానరు, రక్తపుపోటు పడినచో హైడ్రోకార్టిసోను సూదిరూపమున ఇత్తురు. సాగుపరీక్షలకై రక్తము తీసి, వెంటనే క్రిమిసంహారకములు ప్రారంభింతురు. రోగి సొమ్మసిల్లు స్థితిలో నున్నచో మొదటి గంటలోనే ఇయ్యవలయునని ప్రపంచ వైద్యనియమము. క్రిమి యేదో తెలిసిన తరువాత మందును దానికి తగినట్లు మార్తురు. రోగము లొంగిన తరువాత నిలిపిన మందులను మరల నెప్పుడు, ఎంత మోతాదున మొదలుపెట్టవలయునో నిర్ణయింతురు. ఈ తుదిమెట్టును మరచి, అంటురోగము తగ్గినది గదా యని వ్యాధి మందులను శాశ్వతముగా విడిచి, మూత్రపిండములను పోగొట్టుకొనినవారు గలరు.

ఇంకొక మాట. ఏ వైద్యుని యొద్దకు పోయినను వాడుచున్న మందుల పట్టికను చూపవలయును. దృష్టాంతమునకు, మూత్రపు మంటకు సాధారణముగా నిచ్చు కో-ట్రైమాక్సజోలు అను మాత్ర మెథోట్రెక్సేటుతో కలిసినచో తెల్లకణములను ప్రమాదకరముగా తగ్గించును. ఇచ్చిన వైద్యునిది తప్పు కాదు. చెప్పని మనదే తప్పు.

మన ప్రాంతమున పొంచియున్న శత్రువులు

మన యూళ్లలో తరచుగా ఎదురగు అంటురోగములు కొన్ని గలవు.

అందు మొదటిది క్షయ. 2023లో ప్రపంచమందలి క్షయరోగులలో నూటికి 26 గురు మన దేశమువారే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కవేసినది. మనలో పెక్కండ్ర దేహములలో క్షయక్రిమి చిన్ననాటినుండి నిద్రించుచుండును. రక్షణశక్తి అణగినప్పుడు మేలుకొనును. లూపస్ రోగులకు అది ఊపిరితిత్తులలోనే రావలయునని లేదు. గ్రంథులలో, ఎముకలలో, మెదడుపొరలలో గూడ రావచ్చును. కాబట్టి దగ్గు లేదు గనుక క్షయ కాదనరాదు. గట్టి మందులు మొదలుపెట్టుటకు ముందే ఛాతీఫొటోయు, చర్మపరీక్షగాని రక్తపరీక్షగాని చేయించుట మంచిది. నిద్రించు క్రిమి యున్నదని తేలినచో నివారణమాత్ర లిత్తురు. క్షయమందులను ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. ఆ మందులలో రిఫాంపిసిను అనునది ప్రెడ్నిసొలోను శక్తిని బాగుగా తగ్గించును గనుక స్టెరాయిడు మోతాదును వైద్యుడు పెంచవలసియుండును. ఈ సంగతి చెప్పక రెండు చోట్ల రెండు చీటీలు వ్రాయించుకొనుట ప్రమాదము.

రెండవది స్ట్రాంజిలాయిడ్ అను సన్నని నులిపురుగు. తడినేలపై వట్టికాళ్లతో నడచు రైతుకూలీల పాదములగుండ ప్రవేశించి, ఏ బాధయు పెట్టక దశాబ్దములు ప్రేగులలో నుండగలదు. స్టెరాయిడు తగిలినచో అది వేలసంఖ్యగా పెరిగి, ప్రేగులలోని క్రిములను రక్తములోనికి మోసికొనిపోయి ప్రాణము తీయును. ఐవర్‌మెక్టిను అను చవుకయైన మాత్ర దానికి మందు. పొలముపనులు చేసినవారు ఆ మాట వైద్యునితో ముందే చెప్పవలయును.

మూడవది అక్కి. నడుముచుట్టునో, ముఖమున ఒకవైపుననో మంటతో పొక్కులు లేచును. మన పల్లెలలో జాజుతో అక్కి వ్రాయించుట వాడుక. ఆ యాచారమును మేము నిందింపము. కాని దానితో కాలము గడపరాదు. పొక్కులు లేచిన 72 గంటలలోపల ఎసైక్లోవిరు వంటి మందు మొదలైనచో గుణము బాగుగా నుండును. ముఖమున కంటిదగ్గర వచ్చినచో ఆ గంటయే బయలుదేరవలయును.

నాలుగవది సాల్మనెల్లా జాతి క్రిములు. లూపస్ రోగులకు ఇవి రక్తములో చేరుట ఇతరులకంటె ఎక్కువ. పచ్చిగ్రుడ్డు, సగముడికిన మాంసము, కాచని పాలు, వీథిలోని పండ్లరసము విడిచి, కాచి చల్లార్చిన నీటిని త్రాగుట మేలు. ఇవి గాక కాలేయమును పట్టు హెపటైటిసు-బి క్రిమి రక్తములో దాగియున్నదేమో మందులకు ముందే పరీక్షింపవలయును. రిటుక్సిమాబు ఇచ్చుటకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. పెద్దమోతాదు స్టెరాయిడు వారములతరబడి వాడువారికి న్యుమోసిస్టిస్ అను ఊపిరితిత్తుల రోగమునుండి కాపాడుటకు నివారణమందు కావలయునా యని వైద్యుని అడుగవలయును.

రాకుండ చేసికొనుట

వచ్చిన తరువాత పోరాడుటకంటె రాకుండ చేసికొనుటయే మేలు గదా. అన్నింటికంటె పెద్ద రక్షణ, స్టెరాయిడును అవసరమైనంత తక్కువలో నుంచుట. వ్యాధి శాంతించిన తరువాత ప్రెడ్నిసొలోను దినమునకు 5 మిల్లీగ్రాములకు మించకుండ, వీలైనచో మెల్లగా మానునట్లు చూడవలయునని ఐరోపా కీళ్లవ్యాధి వైద్యకూటమివారు 2023లో ప్రకటించిరి. తగ్గించువాడు వైద్యుడు; మనము కాదు. మూత్రపిండముల వ్యాధికి సైక్లోఫాస్ఫమైడును రెండు వారముల కొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరు మోతాదులు మాత్ర మిచ్చు పద్ధతి ఐరోపాలో పరీక్షింపబడి, పాత పెద్దమోతాదు పద్ధతికి తీసిపోదని 2002లో తేలినది. వైద్యశాస్త్రమే కంచెను తక్కువగా నరకుట నేర్చుకొనుచున్నది.

హైడ్రాక్సీక్లోరోక్విను అను మాత్ర ఈ వ్యాధికి ప్రాణమిత్రము వంటిది. అది వ్యాధిని అదుపులో నుంచుటయే గాక, దానిని వాడువారిలో అంటురోగములు తక్కువగా నుండుట పరిశీలనలలో కనబడినది. దేహపుబరువు కిలో యొక్కింటికి దినమునకు సుమారు 5 మిల్లీగ్రాములు దాని కొలత. కంటిపరీక్ష క్రమముగా చేయించుకొనవలయును.

టీకాలను గూర్చి జనులలో భయము కలదు. జీవము లేని టీకాలు, అనగా ఇన్‌ఫ్లుయెంజా టీకా, న్యుమోకాకసు టీకా, కోవిడు టీకా, క్రొత్తగా వచ్చిన అక్కి టీకా, లూపస్ రోగులకు తగినవే. వ్యాధి శాంతించియున్న కాలమున, వీలైనచో గట్టి మందులు మొదలుపెట్టుటకు ముందే వేయించుకొనుట మంచిది. జీవమున్న టీకాలను మాత్రము రక్షణశక్తి అణగియున్నప్పుడు వేయించుకొనరాదు. ఇంటిలోని తక్కినవారు తమ టీకాలను తప్పక వేయించుకొనవలయును. పోలియోచుక్కలు పుచ్చుకొనిన పసిబిడ్డ మలమును శుభ్రపరచు పనిని కొన్ని వారములు ఇంటిలో మరియొకరు చేయుట మేలు.

సంఘమునకు విన్నపము

ఇంతవరకు చెప్పినది వైద్యము. ఇక చెప్పవలసినది మనలను గూర్చి.

లూపస్ వచ్చిన యాడపిల్ల సంగతిని పెండ్లిమాటలలో దాచుట మనలో కలదు. దాచినవారిని నిందించుటకు మాకు నోరు రాదు. చెప్పినచో సంబంధము తప్పిపోవునను భయము నిజమైనదే. కాని దాచినప్పుడు ఏమగుచున్నదో చూడుడు. ఆ పిల్ల అత్తవారింట మాత్రలను బియ్యపుడబ్బాలో దాచి, ఎవ్వరును చూడనప్పుడు మ్రింగవలయును. చూచినవారున్న దినమున మానవలయును. జ్వరము వచ్చినప్పుడు కారణము చెప్పజాలదు. గర్భము ధరించునప్పుడు మైకోఫెనోలేటు, మెథోట్రెక్సేటు, సైక్లోఫాస్ఫమైడు శిశువునకు హాని చేయునవి గనుక ముందే మార్పించుకొనవలయును. దాచినచో ఎవరి నడుగగలదు? సరియైన వైద్యముతో, తగినకాలము చూచి గర్భము ధరించి ఆరోగ్యవంతులగు బిడ్డలను కనిన లూపస్ రోగులు అనేకులు గలరు. కాబట్టి వరుని తల్లిదండ్రులగు పెద్దలను మేము ప్రత్యేకముగా వేడుకొనుచున్నాము. చెప్పిన పిల్లను తిరస్కరించి దాచిన పిల్లను ఇంటికి తెచ్చుకొనుటవలన ఎవరికి లాభము? నిజము చెప్పిన కుటుంబమును గౌరవించుట మన సంఘమున మర్యాద కావలయును.

రెండవ విన్నపము పోషకమహాశయులకు. మన విద్యానిధి పక్కన చిన్న యారోగ్యనిధి యొకటి ఉండిన బాగుగానుండును. న్యుమోకాకసు టీకా వెలయు, అక్కి టీకా వెలయు పేదకుటుంబమునకు భారము. జ్వరము వచ్చిన రాత్రి పట్టణమునకు పోవుటకు బండిఖర్చు లేక తెల్లవారువరకు వేచియున్నవారిని మేమెరుగుదుము. ఒక ఐ.సి.యూ. దినపు ఖర్చుతో పలువురికి టీకాలు వేయింపవచ్చును. మూడవది ఖర్చులేని పని. మందుల పేర్లు, మోతాదులు, చూచుచున్న వైద్యుని ఫోను సంఖ్య, "స్టెరాయిడును హఠాత్తుగా ఆపరాదు" అను వాక్యము గల చిన్న చీటీని తెలుగులో అచ్చువేయించి, అవసరమైనవారికి పంచవలయునని కోరుచున్నాము.

సోదరీసోదరులారా! మా యుపన్యాసమంతయు మరచినను మూడు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఈ మందులు వాడువారికి జ్వరము వచ్చినచో ఆనాడే చూపుడు. స్టెరాయిడును తామే ఆపరాదు, తామే పెంచరాదు. వాడు మందుల పట్టిక ఎల్లప్పుడును వెంట నుండవలయును. మేము మొదట చెప్పిన యువతి ఇప్పుడు మరల మందులు క్రమముగా పుచ్చుకొనుచు, ఒక చిన్న బడిలో పాఠములు చెప్పుచున్నది. మొన్న జలుబుతో జ్వరము రాగా అత్తగారే ఆమె చీటీ చేతబట్టుకొని ఆ సాయంకాలమే వైద్యుని యొద్దకు తీసికొనిపోయినదట. రెండు దినములలో నెమ్మదించినది. పొలమింకను తాకట్టులోనే యున్నది; కాని ఆ యింటివారు ఈసారి అయిదు దినములు పోగొట్టుకొనలేదు.